కంటిపొరకు కొత్త ముడులు

నులక మంచం మీరు చూసే ఉంటారు. నులక వదులైతే మంచం నడుమ కుంగుతుంది. తాళ్ల మధ్య అక్కడక్కడ ముడులు వేస్తే ఇక కుంగకుండా ఆగుతుంది. ఇలాంటి పనే డాక్టర్లు కంట్లోనూ చేస్తున్నారు. ఎలాగో చూద్దాం.

నల్లగుడ్డు ముందు గడియారపు అద్దంలాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. అదే శుక్లపటలం, అంటే కార్నియా. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులే దానికి బలం. కొందరికి మీ వయసులోనే ఈ అల్లిక బలహీనపడుతుంది. పొర పలచబడి, కంటి లోపలి ఒత్తిడికి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. ఈ జబ్బు పేరు కెరటోకోనస్. అక్షరాలు చెదిరినట్లు కనిపిస్తాయి. కళ్లద్దాల నంబరు మాటిమాటికీ మారుతుంది.

కళ్లు నులుముకునే అలవాటు ఈ జబ్బును పెంచుతుంది. ఎండ, దుమ్ము ఎక్కువగా ఉండే పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కళ్లు దురద పెడితే నులమకండి, డాక్టరుకు చూపించండి.

మరి చికిత్స? జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో వోలెన్‌సాక్, స్పోర్ల్, జైలర్ అనే శాస్త్రవేత్తలు రోగులకు ఒక కొత్త చికిత్స చేసి, ఫలితాలను 2003లో ప్రచురించారు. ముందుగా కంటికి మత్తు చుక్కలు వేసి, కార్నియా పైపొరను తొలగిస్తారు. అరగంటసేపు రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ చుక్కలు వేస్తారు. మరో అరగంట అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. విటమిన్ ఆ కాంతిని పీల్చుకుని ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. దానివల్ల పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడతాయి. ఇవే మన ముడులు! కాంతి కంటి లోపలికి ఎక్కువగా పోకుండా అడ్డుకునేదీ ఆ విటమినే. ఇప్పుడు ఇంతకంటే తక్కువ సమయంలో ముగిసే పద్ధతులూ వచ్చాయి.

పాలలోనూ బి2 ఉంటుంది కదా, పాలు తాగి ఎండలో నిలబడితే చాలదా అంటారా? చాలదు. ఇక్కడ మందుకూ కాంతికీ కచ్చితమైన కొలతలున్నాయి. సూర్యుణ్ణి చూస్తే కన్ను దెబ్బతింటుంది.

ఒక్క మాట మరవకండి. ఈ చికిత్స ముఖ్యంగా జబ్బు ముదరకుండా ఆపుతుంది; పోయిన చూపును పూర్తిగా తిరిగి తేలేదు. బాగా ముదిరితే కార్నియా మార్పిడి అవసరం కావచ్చు. అందుకే తొందరగా కనిపెట్టాలి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ చికిత్స చేస్తారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని తూడుకుర్తిలో కూడా ఆ సంస్థకు కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ కళ్లు పరీక్ష చేయించుకోవచ్చు.

రేపు బడిలో ఒక్కో కన్ను మూసి నల్లబల్ల వైపు చూడండి. ఒక కంటికి అక్షరాలు చెదిరితే ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి మొహమాటపడకండి.