విరిగిన బళ్ళు, విరగకూడని మనుషులు

ప్రతి జనవరిలో సౌదీ ఎడారిలో రెండు వారాలపాటు పెద్ద తిరునాళ్ళే జరుగుతుంది. దాని పేరు డకార్ ర్యాలీ. 1978 డిసెంబరు చివర ప్యారిస్‌లో బయలుదేరి ఆఫ్రికాలోని డకార్ నగరం చేరిన పందెం ఇది. భద్రత కరవై 2009లో దక్షిణ అమెరికాకు, 2020లో సౌదీకి తరలివచ్చింది. ఊరు వదిలినా పేరు వదలలేదు, మన ఇంటిపేర్ల లాగానే!

గెలిచినవాళ్ళ సంగతి పత్రికలు రాస్తూనే ఉంటాయి. మేము చెప్పదలచుకున్నది ఔత్సాహికుల గురించి. వీళ్ళకి పెద్ద కంపెనీల అండ ఉండదు. కూడబెట్టిన డబ్బు ఖర్చు పెట్టుకొని, ఉద్యోగానికి సెలవు పెట్టి వస్తారు. వీరిలో కొందరు మెకానిక్కు సాయం కూడా లేకుండా మోటారు సైకిలు మీద పోటీ చేస్తారు. ఫ్రెంచివాళ్ళు దీన్ని 'మాల్ మోటో' అన్నారు, అంటే పెట్టె బండి. ఒక్కొక్కరికి ఎనభై లీటర్ల పెట్టె, విడి చక్రాలు, గుడారం, పడక. వీటిని నిర్వాహకులు మోసుకొస్తారు. మిగతాదంతా సొంత చేతులతోనే. పగలంతా బండి నడిపి, రాత్రి దాన్ని తనే విప్పి, తనే బిగించుకోవాలి. ఆ తరువాత మిగిలిందే నిద్ర.

ఎడారిలో ఇంజను ఎలా చస్తుంది? ఇక్కడి ఇసుక ధూళి గోధుమ పిండిలా మెత్తన. ఎయిర్ ఫిల్టరు దాటి కాస్త లోపలికి పోయిందా, పిస్టను రింగుల్నీ సిలిండరు గోడనీ గరుకు కాగితంలా అరగదీస్తుంది. కంప్రెషను పడిపోతుంది, ఆయిలు తగలబడుతుంది, చివరికి పిస్టను పట్టేస్తుంది. మెత్తని దిబ్బ ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరుస్తుంది గాని బండి నెమ్మదిగా పాకుతుంది. రేడియేటరుకు గాలి తగలక నీళ్ళు మరుగుతాయి. క్లచ్చి జారి జారి ప్లేట్లు మాడిపోతాయి. టైర్లలో ట్యూబుకు బదులు నింపే నురుగు రబ్బరు వేడికి ముక్కలైపోతుంది. అన్నిటికన్నా ఘోరం కనెక్టింగ్ రాడ్డు విరగడం. అది ఇంజను గోడను చీల్చుకొని బయటికి వస్తుంది. ఆయిలంతా ఇసుక పాలు, పందెం అంతటితో సరి.

2020లో నియోమ్ దగ్గర మూడో రోజు పందెంలో మన హీరో కంపెనీ బండి మీద పోటీ చేస్తున్న పోర్చుగీసు వీరుడు పాలో గొన్సాల్విస్‌కు ఇంజను చెడింది. సాయం వచ్చేదాకా ఎడారిలో గంటల తరబడి కాచుకొని, కొత్త ఇంజను బిగించుకొని పందెం కొనసాగించాడు. గెలుపు ఆశ పోయినా బండి దిగలేదు. అందరూ మెచ్చుకొన్నారు.

జనవరి 12న, రియాద్ నుంచి వాదీ అద్దవాసిర్ వెళ్ళే దారిలో 276వ కిలోమీటరు దగ్గర అతను పడిపోయాడు. ఉదయం 10.08కి కబురు అందింది, 10.16కల్లా వైద్యుల హెలికాప్టరు చేరింది. అప్పటికే గుండె ఆగింది. లైలా ఆసుపత్రికి చేర్చినా ప్రాణం దక్కలేదు. వయసు 40. ఎనిమిది నిముషాల్లో వైద్యం అందడం పట్టణాల్లోనే కష్టం, ఎడారిలో ఇంకా ఎక్కువ ఏం చేయగలరు? ఇంజను మార్చుకోవడానికీ ఈ ప్రమాదానికీ సంబంధం ఉందని మేము అనడం లేదు. మార్చగలిగింది ఇంజను ఒక్కటేనని మాత్రం అంటున్నాము.

అదే పందెంలో జనవరి 16న ఎడ్విన్ స్ట్రావర్ అనే డచ్చి పోటీదారు పడ్డాడు, మెడ ఎముక విరిగింది. ఎనిమిది రోజుల తరువాత చనిపోయాడు. 2019లో పెట్టె బండి తరగతిలో ప్రథముడు అతనే. 2021 జనవరి 6న బెంగుళూరు కుర్రాడు సి.ఎస్. సంతోష్ తలకు దెబ్బ తగిలి, రియాద్ ఆసుపత్రిలో మందులతో స్పృహ లేకుండా ఉంచవలసి వచ్చింది. అదృష్టవశాత్తూ కోలుకొన్నాడు. ఆ ఏటి నుంచి మోటారు సైకిళ్ళవాళ్ళకు గాలి సంచి చొక్కా తప్పనిసరి చేశారు. వేగం తగ్గించడానికి వెనుక టైర్లు పందెం మొత్తానికి ఆరే అన్నారు.

వైద్యులుగా మాకు తోచేది ఇది. ఇంజను వేడెక్కితే ముల్లు చెబుతుంది, ఆయిలు తగ్గితే దీపం వెలుగుతుంది. నిద్ర చాలని మనిషికి అలాంటి దీపం లేదు. పదిహేడు గంటలు మేలుకొన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతుందని 1997లో ఆస్ట్రేలియాలో పరీక్షించి చూశారు. అతను మాత్రం తాను బాగానే ఉన్నాననుకుంటాడు. రాత్రి రెండింటిదాకా స్పానరు పట్టుకొని తెల్లవారకముందే బండెక్కే ఔత్సాహికుడికి అసలు ప్రమాదం అదే.

ఇది పందెగాళ్ళకే పరిమితం కాదు. గురువారం రాత్రి డ్యూటీ దిగి, శుక్రవారం పొద్దున్నే పిల్లాపాపలతో ఇసుక దిబ్బలకు బయలుదేరే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. యవ్వనంలో ఉన్న మన కుర్రాళ్ళకు ఆ వీడియోలు చూసి ఉత్సాహం పొంగడమూ సహజమే. పోవద్దని అనము. రెండు బళ్ళు లేకుండా దిబ్బల్లోకి దిగకండి. టైర్లలో గాలి తగ్గించండి, తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపండి. మనిషికి పది లీటర్ల నీళ్ళు తీసుకువెళ్ళండి. మరుగుతున్న రేడియేటరు మూత తీయకండి. బండి ఆగితే దాన్ని వదిలి నడిచి వెళ్ళకండి. దూరం నుంచి కనిపించేది బండే, మనిషి కాదు.

అన్నిటికీ ముందు, రాత్రి కడుపునిండా తిని కంటినిండా నిద్రపోండి. బండి పాడైతే దమ్మాంలోనో జెద్దాలోనో విడిభాగాలు దొరుకుతాయి. నడిపేవాడికి దొరకవు.