పెట్రోలు జీపు డీజిల్ జీపైన కథ

జీపు పుట్టింది పెట్రోలు బండిగా. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావాలని అడిగినప్పుడు బాంటమ్, విల్లీస్, ఫోర్డ్ సంస్థలు పోటీకి దిగాయి. విల్లీస్‌ను ముందుకు నెట్టింది ఆ సంస్థ ఇంజనే. 48 హార్స్‌పవర్ ఇస్తున్న పాత కారు ఇంజన్‌ను ఇంజనీరు బార్నీ రూస్ సానబట్టి 60 హార్స్‌పవర్‌కు తెచ్చాడు. 2,199 సీసీల ఆ నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు ‘గో డెవిల్’ అని పేరు. యుద్ధరంగంలో కావలసింది లాగే బలం, మొరాయించని నమ్మకం. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్కను అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు.

యుద్ధం ముగిసి జీపు పొలాలకూ ఊళ్లకూ వచ్చాక దాని ఇంజన్ మొదటిసారి మారింది. గో డెవిల్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు రెండూ సిలిండర్ పక్కనే ఉండేవి. కొత్త ‘హరికేన్’ ఇంజన్‌లో గాలి వాల్వును సిలిండర్ పైకి ఎక్కించారు. గాలి దారి సాఫీ కావడంతో అదే 2,199 సీసీల నుంచి 70 హార్స్‌పవర్ పైన వచ్చింది. చిక్కల్లా ఎత్తుతో వచ్చింది. పైన వాల్వు పెట్టుకున్న హరికేన్ పాత బానెట్ కింద పట్టలేదు. అందుకే 1953లో వచ్చిన సీజే-3బీ మోడల్‌కు బానెట్ ఎత్తు పెంచారు. మన దేశంలో మహీంద్రా తయారుచేసిన జీపులకు ఆ ఎత్తైన ముఖం వచ్చింది ఇందువల్లనే. ఇంజన్ మారితే బండి రూపమే మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

మహీంద్రా సంస్థ 1940ల చివర్లో ముంబయిలో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. పాతికేళ్లపాటు పోలీసు శాఖ, అటవీ శాఖ, నీటిపారుదల శాఖ, తాలూకా ఆఫీసు అన్నీ ఆ పెట్రోలు జీపుల మీదే తిరిగాయి. 1973 అక్టోబరు నుంచి పరిస్థితి తలకిందులైంది. పశ్చిమాసియా యుద్ధం తరువాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర పీపాకు సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా పెరిగింది. పెట్రోలు జీపును పోషించడం ప్రభుత్వ శాఖలకే బరువైంది. సొంత సంపాదన మీద బండి నడుపుకునేవారి సంగతి చెప్పనక్కరలేదు. డీజిల్ మాత్రం లారీలకూ బస్సులకూ ట్రాక్టర్లకూ కావలసిన ఇంధనం కాబట్టి ప్రభుత్వం దాని ధరను పెట్రోలు కన్నా బాగా తక్కువలో ఉంచింది.

జీపులో డీజిల్ ఇంజన్ పెట్టడం అప్పటికి కొత్త ఆలోచన కాదు. అమెరికాలోనే 1961 నుంచి సీజే-5 జీపును పెర్కిన్స్ డీజిల్ ఇంజన్‌తో అమ్మారు. అక్కడ పెట్రోలు చవక కాబట్టి దానికి గిరాకీ రాలేదు. మన దేశంలో ఆ పని అవసరమైనప్పుడు ఇంజన్ చేతికందే దూరంలోనే ఉంది. మహీంద్రా భాగస్వామ్యంతో 1963లో ఏర్పడిన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ అప్పటికే బీ-275 ట్రాక్టర్లను తయారుచేస్తోంది. 35 హార్స్‌పవర్ల ఆ ట్రాక్టర్‌లోనిది సుమారు 2,350 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. 1970ల మధ్యలో దాన్ని జీపుకు ఎక్కించారు.

డీజిల్ ఇంజన్ ఇంధనాన్ని ఆదా చేయడానికి కారణాలు మూడు. మొదటిది కుదింపు. హరికేన్ ఇంజన్ గాలినీ పెట్రోలునూ కలిపి దాదాపు ఏడో వంతుకు కుదిస్తుంది. అంతకు మించితే పెట్రోలు వేళకాని వేళ మండి ఇంజన్ టకటక కొట్టుకుంటుంది. అప్పటి డీజిల్ ఇంజన్లు గాలిని మాత్రమే లోపలికి తీసుకుని ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా కుదించేవి. ఆ కుదింపుతో పుట్టిన వేడికి, నాజిల్ నుంచి పడిన డీజిల్ స్పార్క్ ప్లగ్ అవసరం లేకుండానే అంటుకుంటుంది. ఎంత గట్టిగా కుదిస్తే వేడిలో అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన ఇంజన్ అప్పుడే 26 శాతం సామర్థ్యం చూపింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అది అందని మెట్టు.

రెండో కారణానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. పెట్రోలు ఇంజన్ జోరు తగ్గించాలంటే కార్బురేటర్‌లోని రేకు మూసి గాలిని అడ్డుకోవాలి. నెమ్మదిగా పోతున్నంతసేపూ ఆ ఇంజన్ ముక్కు సగం మూసుకుని ఊపిరి పీల్చుతున్నట్టే. ఆ పీల్పుకే కొంత శక్తి ఖర్చవుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ రేకు లేదు. గాలి నిండుగా వస్తుంది, తగ్గేది డీజిల్ చుక్క మాత్రమే. జీపు బతుకంతా గతుకుల దారిలో, తక్కువ వేగంలో గడిచేదే కాబట్టి ఈ లాభం దానికి బాగా దక్కింది. మూడోది ఇంధనంలోనే ఉంది: డీజిల్ చిక్కనిది, లీటరు లెక్కన చూస్తే పెట్రోలు కన్నా పది శాతానికి పైగా ఎక్కువ శక్తి దాచుకుంటుంది.

ట్రాక్టర్ ఇంజన్ పొదుపు నిజమే అయినా జీపుకు అది సరైన జత కాదు. దుక్కి దున్నే ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లకు అటూ ఇటూ తిరగడానికి పుట్టింది. రోడ్డు మీద బండికి వేగం కావాలి. సీజే-3బీ ఇరుసులోని క్రౌన్-పినియన్ నిష్పత్తి 5.38. అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 సార్లు తిరగాలి. జీపు టైరు చుట్టుకొలత సుమారు రెండుంపావు మీటర్లు. టాప్ గేరులో గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజన్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరగాలి. పెట్రోలు ఇంజన్‌కు అది సుళువు. ట్రాక్టర్ ఇంజన్‌కు శక్తికి మించిన పరుగు. అదే ఇరుసులో నిష్పత్తిని 4.27కు మారిస్తే అదే వేగానికి దాదాపు 2,200 చుట్లు చాలు. ఇంజన్ మాత్రం మార్చి ఇరుసును పాతదే ఉంచితే బండి అరుస్తుంది, అదురుతుంది, ఆశించిన మైలేజీ ఇవ్వదు. ఇంజన్ మార్పిడి గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదే: పొదుపు ఇంజన్‌లో సగమే ఉంటుంది, తక్కిన సగం గేర్‌బాక్స్‌లో, ఇరుసులో ఉంటుంది.

మిగిలిన చిక్కులు చిన్నవిగా కనిపించినా బండిని మూలన పడేసేవి అవే. డీజిల్ ఇంజన్ బరువు ఎక్కువ, కాబట్టి ముందు కమాన్ పట్టీలు బలపరచాలి. అదురు ఎక్కువ, కాబట్టి ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు మార్చాలి. కుదింపు గట్టిది కాబట్టి సెల్ఫ్ మోటర్, బ్యాటరీ పెద్దవి కావాలి. చలి ఉదయాన హీటర్ ప్లగ్గులు వెలిగించనిదే ఇంజన్ అందుకోదు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య వేసే ప్లేటు రవ్వంత పక్కకు జరిగినా క్లచ్, బేరింగులు త్వరగా అరిగిపోతాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది బ్రేకు. బ్రేకు బూస్టరు ఉన్న పెట్రోలు బండిలో ఆ బూస్టరు పనిచేసేది ఇంజన్ గాలిని పీల్చేచోట ఏర్పడే వాక్యూమ్‌తో. గాలిరేకు లేని డీజిల్ ఇంజన్‌లో అంత వాక్యూమ్ పుట్టదు. వేరే వాక్యూమ్ పంపు పెట్టకపోతే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

సరైన జత ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ప్యూజో సంస్థతో ఒప్పందం చేసుకుని మహీంద్రా 1980ల మొదట్లో ఇగత్‌పురిలో 2,112 సీసీల ప్యూజో డీజిల్ ఇంజన్ తయారీ మొదలుపెట్టింది. అది కార్ల కోసం పుట్టిన ఇంజన్. చురుగ్గా తిరుగుతుంది, 60 హార్స్‌పవర్ పైన ఇస్తుంది. అంటే బలంలో గో డెవిల్‌తో సమానం, తాగేది దానికన్నా తక్కువ. 1985లో వచ్చిన ఎమ్ఎమ్ 540 జీపు ఆ ఇంజన్ వల్లనే పేరు తెచ్చుకుంది. తరువాతి కమాండర్ జీపుల్లో రెండు వంశాలూ పక్కపక్కనే నడిచాయి. 750 డీపీలోది ప్యూజో ఇంజన్, 650 డీఐలోది ట్రాక్టర్ వంశపు ఇంజన్. పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో బస్సు రాని ఊళ్లకు మనుషుల్నీ సరుకుల్నీ చేరవేసినవి ఇలాంటి జీపులే. పెట్రోలు ఖర్చుతో ఆ సర్వీసు గిట్టుబాటయ్యేది కాదు.

కంపెనీలు చేసిన పనినే షెడ్లలో మెకానిక్కులూ చేశారు. పాత పెట్రోలు అంబాసిడర్‌లో మెటాడోర్ వ్యాన్ ఇంజన్ వేయించుకోవడం దేశమంతటా సాగింది. ఏ బండికి ఈ ఖర్చు దండుగ కాదో చిన్న లెక్కతో తేలుతుంది. లీటరుకు 8 కిలోమీటర్లిచ్చే బండి 12 ఇస్తే ప్రతి వంద కిలోమీటర్లకూ నాలుగు లీటర్లకు పైగా మిగులుతుంది. 16 ఇచ్చే బండి 24 ఇచ్చినా మిగిలేది రెండు లీటర్లే. అందువల్ల బాగా తాగే బండికి, అదీ రోజూ రోడ్డెక్కే బండికి మాత్రమే ఈ మార్పిడి కలిసొస్తుంది.

ఆనాటి లెక్క ఈనాడు అలాగే లేదు. డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగింది. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలునే దాటింది. చట్టం కూడా గట్టిపడింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండిని తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి. తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఆర్‌సీలోని ఇంజన్ నంబరుకూ బండిలోని నంబరుకూ పొంతన లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము అందడం కష్టం.

ట్రాక్టర్ వంశం మాత్రం ఎవరూ ఊహించనంత కాలం నడిచింది. సిలిండర్ వెడల్పు పెంచి, పిస్టన్ కదిలే దూరం 101.6 మిల్లీమీటర్లను అలాగే ఉంచి 2,523 సీసీలకు పెంచిన రూపం డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్ అయింది. డీజిల్‌ను పాత ఇంజన్‌లోలా సిలిండర్ పక్కనున్న చిన్న అరలో కాకుండా నేరుగా పిస్టన్ మీద చల్లడంతో అర గోడలకు పోయే వేడి మిగిలి, పొదుపు ఇంకా పెరిగింది. 2000లో వచ్చిన బొలెరో చాలా ఏళ్లు 63 హార్స్‌పవర్ ఇచ్చే 2,523 సీసీల ఇంజన్లతో నడిచింది. 2016లో బొలెరో పవర్ ప్లస్‌లో దాని స్థానంలోకి మూడే సిలిండర్ల, 1,493 సీసీల కొత్త ఇంజన్ వచ్చింది. అది ఇచ్చేది 70 హార్స్‌పవర్.