లావు తగ్గించే ఇంజక్షన్లు ఎవరికి? ఎంతకాలం?

"పెళ్ళికింకా రెండు నెలలే ఉంది. ఈలోగా పది కిలోలు తగ్గాలి. ఆ ఇంజక్షనేదో రాసివ్వండి డాక్టరుగారూ!"

ఇలా అడిగే అమ్మాయిలు ఈమధ్య ఎక్కువయ్యారు. వెంట వచ్చిన తల్లి కూడా అవునన్నట్టు తల ఊపుతుంది. తీరా చూస్తే పిల్ల ఏమంత లావు ఉండదు. ఆ మందు ఇలాంటివారి కోసం తయారైంది కాదు.

మనం భోజనం చేయగానే ప్రేగుల నుంచి జి.ఎల్.పి.-1 అనే హార్మోను విడుదలవుతుంది. కడుపు నిండిందని మెదడుకు కబురు చేర్చేది అదే. కాని కొద్ది నిమిషాల్లోనే అది విచ్ఛిన్నమైపోతుంది. దానిని పోలి, వారం రోజులపాటు పనిచేసేలా తయారుచేసిన మందు సెమాగ్లూటైడ్. టిర్జెపటైడ్ అనే మందు మరో హార్మోను పనిని కూడా చేస్తుంది. బరువు తగ్గించే ఇంజక్షన్లుగా ఇవి మన దేశపు మార్కెట్లోకి 2025లో వచ్చాయి.

మీకు ఇవి అవసరమా? మీ బరువును కిలోలలో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 30, ఆపైన వస్తే, లేదా 27 దాటి మధుమేహం, రక్తపోటు వంటివి తోడైతే, డాక్టరు ఆలోచిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 77 కిలోలుంటే 30 వస్తుంది. అదే స్త్రీ 60 కిలోలుంటే వచ్చేది 23.4. ఆమెకు నడక, తిండిలో మార్పు చాలు.

ఈ మందు బాగా పనిచేసే మాట నిజమే. 2021లో వెలువడిన పరిశోధనలో సెమాగ్లూటైడ్ వాడినవారు సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గారు. అయితే అందుకు 68 వారాలు పట్టింది! మోతాదును మెల్లగా పెంచాలి గనుక పూర్తి మోతాదుకు చేరడానికే నాలుగు నెలలు కావాలి. తొందరపడి పెంచితే వాంతులు, వికారం, మలబద్ధకం పట్టుకుంటాయి.

అసలు చిక్కు మానేశాక వస్తుంది. ఆ పరిశోధనలోనే మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. కాబట్టి దీన్ని బి.పి. మాత్రలాగా దీర్ఘకాలపు మందు అనుకోవాలి. ఆ ఖర్చు ఏళ్ళ తరబడి భరించగలరా అని మొదలుపెట్టక ముందే ఇంట్లో లెక్క వేసుకోండి. తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా ఉంటుంది. ఆకలి లేదని పప్పు, గుడ్లు, పెరుగు మానేస్తే నీరసమే మిగులుతుంది.

కొత్తగా పెళ్ళయ్యేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గర్భం కోరుకునేవారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ కాన్సర్ వచ్చి ఉంటే ఈ మందుల జోలికి పోరాదు. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టరు దాని మోతాదు సరిచేయాలి.

లావు తగ్గించే మందుల చరిత్ర కూడా ఏమంత గొప్పది కాదు. సిబుట్రమైన్ మాత్రలను ఎందరో మింగారు. గుండెకు ముప్పని తేలాక మన దేశంలో 2011లో నిషేధించారు. చీటీ లేకుండా తెలిసినవారి చేత తెప్పించుకునే ఇంజక్షన్ల మాట ఇక చెప్పాలా?

మందు వాడుతుండగా పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకితే, గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోకండి. అది క్లోమం వాపు కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళి, ఏ ఇంజక్షను తీసుకుంటున్నారో ముందుగా చెప్పండి.