మరుగుజ్జు గెలాక్సీల భ్రమణం, కృష్ణ పదార్థానికి పరీక్ష

దూరపు గ్రహాలు సూర్యుని చుట్టూ మందగతిన తిరిగినట్లే, గెలాక్సీ అంచుల వైపు వెళ్లేకొద్దీ భ్రమణ వేగం తగ్గాలి. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్‌లు దేవయాని గెలాక్సీలోని వాయుమేఘాల వేగాలను కొలిచినప్పుడు ఆశించినంత తగ్గుదల కనిపించలేదు. కంటికి కనబడే ద్రవ్యరాశి అంత వేగాన్ని పట్టి ఉంచజాలదు కాబట్టి, కాంతిని వెలువరించక, గురుత్వాకర్షణ ద్వారా మాత్రమే ఉనికిని తెలిపే కృష్ణ పదార్థం గెలాక్సీలను ఆవరించి ఉన్నదన్న భావన క్రమంగా బలపడింది. అది ఎటువంటిదో తేల్చడానికి పెద్ద గెలాక్సీల కంటే మరుగుజ్జు గెలాక్సీలే ఎక్కువ పనికివస్తున్నాయి.

పాలపుంత వంటి పెద్ద గెలాక్సీ నడిమి భాగంలో నక్షత్రాల ద్రవ్యరాశి అధికం కనుక, అక్కడి వేగంలో కృష్ణ పదార్థం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. డీడీఓ 154 అనే మరుగుజ్జులో నక్షత్రాల కంటే హైడ్రోజన్ వాయువే ఎక్కువ. ఆ రెండూ కలిసినా మొత్తం ద్రవ్యరాశిలో పదోవంతుకు అటూఇటూగానే ఉంటాయి. ఈ వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలను వెలువరిస్తుంది. వాయువు మనవైపు వస్తుంటే తరంగాలు కుదించుకుపోయి, దూరమవుతుంటే సాగి కనిపిస్తాయి గనుక, ఆ తేడాను బట్టి కేంద్రం నుంచి ఏ దూరంలో ఎంత వేగమో చూపే భ్రమణ రేఖను గీస్తారు.

ఆ రేఖ మొదటి భాగంలోనే అసలు చిక్కు ఉన్నది. కృష్ణ పదార్థపు కణాలు మందంగా కదులుతూ, గురుత్వాకర్షణతో తప్ప ఒకదానినొకటి ప్రభావితం చేయవని భావించే 'శీతల' నమూనాను కంప్యూటర్లో నడిపిన నవారో, ఫ్రెంక్, వైట్‌లు 1996లో చూపినట్లు, గెలాక్సీ లోతట్టున కేంద్రానికి దూరం సగమైతే సాంద్రత దాదాపు రెట్టింపవుతుంది. అటువంటి చోట వేగం కేంద్రం దాటగానే చప్పున పెరగాలి. పలు మరుగుజ్జులలో మాత్రం వేగం దూరానికి తగినట్టుగా తాపీగా పెరుగుతుంది, అంటే నడుమ సాంద్రత ఇంచుమించు ఒకేలా ఉన్నదన్నమాట. ఈ పొసగనితనాన్ని ఫ్లోరెస్, ప్రైమాక్‌లు, విడిగా మూర్, 1994లోనే ఎత్తిచూపారు.

సూపర్‌నోవా పేలుళ్లు వాయువును పదేపదే వెలుపలికి నెట్టడం వల్ల గురుత్వాకర్షణ ఒడుదొడుకులకు లోనై, నడిమి కృష్ణ పదార్థం పలచబడుతుందన్నది ఒక వివరణ. కణాలు పరస్పరం ఢీకొంటాయని 2000లో స్పెర్గెల్, స్టైన్‌హార్ట్‌లు ప్రతిపాదించగా, కృష్ణ పదార్థమే అవసరం లేదని, అత్యల్ప త్వరణాల వద్ద గతి నియమాలనే సవరించాలని మిల్‌గ్రోమ్ 1983 నుంచే వాదిస్తున్నారు. అయితే కేంద్రం సాంద్రతను తగ్గించినంత మాత్రాన ఏ నమూనా నెగ్గదు. వెలుపలి వేగం ఇంచుమించు ఒకటే అయిన గెలాక్సీలలో కూడా, ఐసీ 2574లో వేగం బహు నిదానంగా, యూజీసీ 5721లో నిటారుగా పెరుగుతుంది. ఈ వైవిధ్యాన్ని వివరించడమే, నిజానికి, ఎక్కువ కఠినమైన పరీక్ష.

కొలతలనూ గుడ్డిగా నమ్మరాదు. ఐసీ 2574 వాయువులో పెద్దపెద్ద ఖాళీలు ఉన్నందున, అక్కడి చలనాలన్నీ శుద్ధ వృత్తాకారంలో ఉంటాయని అనుకోలేము. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో పరిశీలించిన కమెలోపార్డాలిస్ బీ అనే మరుగుజ్జులో భ్రమణ వేగం సెకనుకు సుమారు 7 కిలోమీటర్లే కాగా, వాయువు అల్లకల్లోల చలనమూ దాదాపు అంతే ఉన్నది; ఆ చలనం కలిగించే ఒత్తిడిని లెక్కలోకి తీసుకుంటే వేగం సుమారు 20 కిలోమీటర్లకు చేరింది. 2003లో వెలువడిన ఈ పరిశీలన సమ సాంద్రత గల కేంద్రం వైపే మొగ్గింది గాని, సవరణ అసలు కొలతనే మించిన ఇటువంటి గెలాక్సీని ఒంటరి సాక్షిగా నిలబెట్టడం తగదు.