ఇంటి మందుల పెట్టె: ఏ మందులు, ఎంతవరకు?

జిందా తిలిస్మాత్ మన ఇళ్లకు కొత్త కాదు. 1920లో హైదరాబాదులో పుట్టిన ఆ యునానీ మందులో యూకలిప్టస్ నూనె, కర్పూరంతో పాటు వాము పువ్వు కూడా ఉంటుంది. వాము పువ్వంటే మన వంటింటి వాములో ఉండే సారమే.

ఇంటి పెట్టెకు ముందుగా మూడు చాలు: కడుపుబ్బరానికి వాము, జలుబుకు శొంఠి కషాయం, మలబద్ధకానికి ఇసబ్‌గోల్, అదీ నిండు గ్లాసు నీళ్లతో. తడిలేని సీసాల్లో పోసి పేరు, తేదీ రాసి అంటించండి.

ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్ తాగించండి. ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని జ్వరం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పేద ఇళ్లలో కషాయాలతో రోజులు నెట్టేది చాలాసార్లు పల్లె నుంచి నరసరావుపేట రావడానికి ఆటో ఛార్జీ లేకే. మీ సదఖా ఆ ఛార్జీకి కూడా అందాలి.