ప్రొబేషన్ అధికారి (బాలల న్యాయం)

ప్రొబేషన్ అధికారి అనగా, నేరం రుజువైన వ్యక్తిని చెరసాలకు పంపుటకు బదులుగా సత్ప్రవర్తన షరతుపై విడిచిపెట్టినపుడు, అతని నడవడిని కనిపెట్టి ఉండేందుకు నియమితుడైన అధికారి. ఈ పద్ధతిని తెలుగులో పరివీక్షణ అని కూడా అంటారు. పద్దెనిమిది ఏళ్ళు నిండని వారి విషయంలో ఈ అధికారి పని ఇంకా ముందుగా, అనగా బాలుడు పోలీసులకు దొరికిన నాటినుండే మొదలవుతుంది. ఆ బాలుని గురించి అతడు వ్రాసే నివేదిక మీద బాలల న్యాయ మండలి (జువెనైల్ జస్టిస్ బోర్డు) నిర్ణయం చాలావరకు ఆధారపడుతుంది. అందువలన ఈ అధికారులను ఎలా ఎంపిక చేస్తారు, వారికి ఏ శిక్షణ ఇస్తారు అనేవి ముఖ్యమైన విషయాలు. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని పద్ధతికి సంబంధించినది.

చరిత్ర

అమెరికాలోని బోస్టన్ నగరంలో బూట్లు తయారుచేసే జాన్ ఆగస్టస్ 1841లో ఒక తాగుబోతుకు న్యాయస్థానంలో హామీ ఉండి విడిపించాడు. తరువాత వందలాది మందికి అలాగే పూచీ ఉన్నాడు. ఆయన జీతం తీసుకోలేదు, అధికారి కూడా కాదు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం జీతంపై ప్రొబేషన్ అధికారిని నియమించేందుకు చట్టం చేసింది. 1899లో చికాగోలో మొదటి బాలల న్యాయస్థానం ఏర్పడినపుడు, ఆ చట్టం ప్రొబేషన్ అధికారులను అనుమతిస్తూనే, వారికి ప్రభుత్వ ఖజానా నుండి జీతం ఇవ్వరాదని చెప్పింది. నగరంలోని మహిళా సంఘాలు చందాలు పోగుచేసి వారికి జీతాలిచ్చాయి. పిల్లవాని భవిష్యత్తును తేల్చే పనిని దయగల వారి ఇష్టానికి వదిలివేయడం ఈ వృత్తికి పుట్టుకతో వచ్చిన లక్షణమే అనవచ్చు.

మన దేశంలో 1920 నాటి మద్రాసు బాలల చట్టం ఈ తరహా చట్టాలలో మొదటిది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఆ విధంగా బాలల న్యాయంతో పరిచయం ముందుగానే ఏర్పడింది. దేశానికంతటికీ వర్తించేలా నేరస్థుల ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది. బాలల న్యాయ చట్టాలు 1986లోను, 2000లోను, 2015లోను వచ్చాయి. చివరిది 2016 జనవరి 15 నుండి అమలులో ఉన్నది.

విధులు

2015 చట్టం 13వ సెక్షను ప్రకారం, బాలుని పట్టుకున్న వెంటనే పోలీసులు తల్లిదండ్రులతో పాటు ప్రొబేషన్ అధికారికి కూడా కబురు చేయాలి. అతడు రెండు వారాలలో సాంఘిక విచారణ నివేదికను మండలికి అందజేయాలి. 2016 నమూనా నియమావళి ప్రకారం, మండలి ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండానే అతడు విచారణ ప్రారంభించాలి. ఈ నివేదికకు ఆరవ నమూనా పత్రం నిర్దేశించబడినది. బాలుని కుటుంబం, చదువు, బడి మానిన కారణం, చేసిన కూలిపని, స్నేహితులు, అలవాట్లు, ఇరుగుపొరుగు వారి అభిప్రాయం, అతడు ఎవరిచేతనైనా హింసకు గురయ్యాడా అన్న సంగతి, ఇవన్నీ అందులో వ్రాయాలి.

పత్రం నింపడం కష్టం కాదు. బాలుని వీధికి వెళ్ళి, భయంతో ఉన్న తల్లి చేత, కోపంతో ఉన్న పొరుగువాని చేత నిజం చెప్పించడం కష్టం. అదీగాక, బాలుడు నిర్దోషి అనే భావనతోనే విచారణ సాగాలని చట్టం మూడవ సెక్షను చెబుతున్నది. విచారణ ముగియక ముందే తప్పు చేసినట్లు భావించి నివేదిక వ్రాసే అధికారి, తెలియకుండానే ఈ సూత్రాన్ని ఉల్లంఘించిన వాడవుతాడు. పదహారేళ్ళు దాటిన బాలునిపై ఘోర నేరారోపణ ఉన్నపుడు, అతనిని పెద్దవారి వలె విచారించాలా వద్దా అని మండలి 15వ సెక్షను కింద ప్రాథమికంగా అంచనా వేయవలసి ఉంటుంది. అటువంటి సందర్భంలో ఈ నివేదికలోని ఒక్కొక్క వాక్యానికి ఎంత బరువు ఉంటుందో ఊహించవచ్చు.

పర్యవేక్షణలో ఉన్న బాలుని ఇంటికి, బడికి లేదా పనిచేసే చోటికి తరచు వెళ్ళి మండలికి నివేదికలు పంపడం కూడా ఈ అధికారి బాధ్యతే.

నియామకం

ప్రొబేషన్ అధికారి అంటే ఎవరో 2015 చట్టం రెండు విధాలుగా నిర్వచించింది. 1958 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఒకరు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోని న్యాయ-ప్రొబేషన్ అధికారి మరొకరు. విద్యార్హత ఏమి ఉండాలో ఈ నిర్వచనంలో లేదు. 1958 చట్టం 13వ సెక్షను కూడా అర్హతలను చెప్పదు. పైగా ప్రత్యేక పరిస్థితులలో న్యాయస్థానం తగినవాడని భావించిన ఎవరినైనా ఈ పనికి పెట్టవచ్చునంటుంది. వివరాలు రాష్ట్రాల నియమాలకు వదిలివేయబడ్డాయి.

ఇదే చట్టం మండలిలోని సాంఘిక కార్యకర్తలైన సభ్యుల విషయంలో మాత్రం స్పష్టంగా ఉన్నది. వారికి బాలల ఆరోగ్య, విద్యా, సంక్షేమ రంగాలలో కనీసం ఏడేళ్ళ అనుభవం, లేదా బాలల మనస్తత్వ శాస్త్రం, మనోవైద్యం, సాంఘిక శాస్త్రం, న్యాయశాస్త్రాలలో పట్టాతో వృత్తి అనుభవం ఉండాలి. నివేదిక చదివే వారికి ఉన్న కొలత, దానిని వ్రాసే వారికి లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జిల్లా ప్రొబేషన్ అధికారులు బాలల సంక్షేమ, సంస్కరణ సేవల శాఖకు చెందినవారు. ఈ ఉద్యోగాల నియామకం పబ్లిక్ సర్వీస్ కమిషన్ పోటీ పరీక్షల ద్వారా జరుగుతుంది. ఆ పరీక్షలు జ్ఞాపకశక్తిని కొలవగలవు గాని, పిల్లలతో మాట్లాడే నేర్పును కొలవలేవు. రెండవ తరగతి అధికారులు 2009లో ఆరంభమైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం ద్వారా వచ్చారు. ఆ పథకం ఇప్పుడు మిషన్ వాత్సల్యలో భాగమైనది. ఈ ఉద్యోగానికి న్యాయశాస్త్ర పట్టాను, మహిళా శిశు హక్కుల రంగంలో రెండేళ్ళ అనుభవాన్ని అడుగుతారు. సాధారణంగా నియామకం ఒప్పంద పద్ధతిపై ఉంటుంది. మొదటి వారికి స్థిరత్వం ఉంది. రెండవ వారికి న్యాయ జ్ఞానం ఉంది. సమాజ సేవా శాస్త్రం (సోషల్ వర్క్) చదివి ఉండాలన్న నియమం చట్టంలో ఇద్దరికీ లేదు.

శిక్షణ

1985 నాటి ఐక్యరాజ్యసమితి బీజింగ్ నియమాలలో 22వది, బాలల న్యాయ సిబ్బందికి వృత్తి విద్య, ఉద్యోగంలో ఉండగా శిక్షణ, పునశ్చరణ తరగతులు ఉండాలని చెబుతుంది. సిబ్బందిలో స్త్రీలకు, అల్పసంఖ్యాక వర్గాలకు తగిన స్థానం ఉండాలని కూడా అందులో ఉన్నది.

భారతదేశంలో ఈ శిక్షణను మొదట జాతీయ సాంఘిక రక్షణ సంస్థ నిర్వహించేది. బాలల న్యాయం 2006లో మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖకు మారిన తరువాత, ఆ శాఖకు చెందిన జాతీయ ప్రజా సహకార, శిశు అభివృద్ధి సంస్థ ఈ పనిని చేపట్టింది. 2025లో దీని పేరును సావిత్రీబాయి ఫూలే జాతీయ మహిళా, శిశు అభివృద్ధి సంస్థగా మార్చారు. మండలి సభ్యులకు నియామకమైన అరవై రోజులలో శిక్షణ ఇవ్వాలని చట్టం నాలుగవ సెక్షను గడువు పెట్టింది. ప్రొబేషన్ అధికారులకు అటువంటి గడువు చట్టంలో కనిపించదు. సిబ్బంది శిక్షణ రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత అని నమూనా నియమావళి చెబుతుంది. కనుక శిక్షణ పొందక ముందే ఒక అధికారి ఎన్నో నివేదికలు వ్రాసి ఉండవచ్చు.

2018 ఫిబ్రవరి 9న సంపూర్ణ బెహురా వ్యాజ్యంలో సుప్రీం కోర్టు, బాలల న్యాయ వ్యవస్థలోని ఖాళీలను నింపాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రొబేషన్ అధికారి లేని చోట బాలల సంక్షేమ అధికారి నివేదిక వ్రాయవచ్చునని చట్టమే వెసులుబాటు ఇచ్చింది. మండలి అవసరమైతే సాంఘిక కార్యకర్తను కూడా కోరవచ్చు. ఏర్పాటు తాత్కాలికమైనా, అలా వచ్చిన నివేదికకు కూడా మండలి ముందు అదే విలువ ఉంటుంది.