ఓడినవానికీ ఆయనే దేవుడు

2007 ఫిబ్రవరి 4. అమెరికాలోని మయామి నగరంలో ఆ రాత్రి వాన కురుస్తోంది. ఆ వానలోనే అమెరికన్ ఫుట్‌బాల్ అంతిమ పోరు 'సూపర్ బౌల్' జరిగింది. మనమెరిగిన ఫుట్‌బాల్ కాదది. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, అడ్డొచ్చినవారిని ఢీకొంటూ ఆడే మోటు ఆట. ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టు 29-17 పాయింట్లతో చికాగో బేర్స్‌పై గెలిచింది. కోల్ట్స్ హెడ్ కోచ్ టోనీ డంజీ, సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి హెడ్ కోచ్‌గా చరిత్రకెక్కారు. అంతకన్నా, ప్రభువు మార్గంలో నడుస్తూ గెలవవచ్చని తామిద్దరు క్రైస్తవ కోచ్‌లు చూపడమే తనకు మరింత గర్వకారణమని ఆయన ఆ రాత్రి సాక్ష్యమిచ్చారు.

ఆ రెండోవారెవరు? ఓడిన జట్టు కోచ్ లోవీ స్మిత్! ఆయనా నల్లజాతీయుడే, ఆయనా విశ్వాసే. ఒకప్పుడు డంజీ దగ్గర సహాయ కోచ్‌గా పనిచేసినవారే. గెలుపు డంజీ భక్తికి బహుమానమైతే, మరి స్మిత్ భక్తి ఏమైనట్టు? ఈ ప్రశ్నకు జవాబు డంజీ జీవితంలోనే ఉంది.

1996లో ఆయన టాంపా బే బకనీర్స్‌కు హెడ్ కోచ్ అయ్యారు. ఏళ్ల తరబడి ఓటములకే అలవాటుపడిన జట్టు అది. ఆయన వచ్చాక కూడా మొదటి ఐదు ఆటలూ ఓడింది. ఆయన అరవలేదు, తిట్టలేదు. నెమ్మదిగా నేర్పారు. ఆరేళ్లలో నాలుగుసార్లు జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చారు. అయినా 2002 జనవరిలో యాజమాన్యం ఆయన్ను తొలగించింది. ఏడాది తిరిగేసరికి, 2003 జనవరిలో, అదే జట్టు కొత్త కోచ్ కింద సూపర్ బౌల్ గెలిచింది. విత్తినది ఒకరు, కోసినది మరొకరు (యోహాను 4:37).

అంతకన్నా లోతైన లోయ ముందుంది. 2005 సీజన్‌లో కోల్ట్స్ వరుసగా 13 ఆటలు గెలిచింది. ఆ డిసెంబరులోనే డంజీ 18 ఏళ్ల కుమారుడు ఆత్మహత్య చేసుకున్నాడు. కొడుకును సమాధి చేసి ఆ తండ్రి తిరిగి పనిలోకి వచ్చారు. నెల తిరగకుండానే జట్టు ప్లేఆఫ్స్‌లో ఓడి ఇంటిముఖం పట్టింది. మరుసటి ఏడాది గెలిపించిన దేవుడు ఆ ఏడాది ఎక్కడికీ వెళ్లలేదు. డంజీ ఆ ఏడాది తక్కువ ప్రార్థించారనీ మనం అనలేం.

తలాంతుల ఉపమానాన్ని జాగ్రత్తగా చదువుదాం. అయిదు సంపాదించినవాడికీ, రెండే సంపాదించినవాడికీ యజమాని ఇచ్చిన మెప్పు ఒక్కటే, మాట తేడా లేదు (మత్తయి 25:21-23). ఆయన లెక్కలో చూసింది నమ్మకత్వాన్ని.

మన సంఘాల్లో సాక్ష్యాల సమయంలో ఎవరు లేస్తారు? సీటు వచ్చినవారు, వీసా వచ్చినవారు, ఉద్యోగం దొరికినవారు. మంచిదే, దేవుని స్తుతిద్దాం. కానీ అదే ప్రార్థన చేసి ఏదీ పొందనివారు వెనుక వరుసలో తలవంచుకు కూర్చుంటారు. బిడ్డను ఆ విధంగా పోగొట్టుకున్న తల్లిదండ్రులైతే గుసగుసలకు భయపడి ఆరాధనకే రావడం మానేస్తారు. 'మీ విశ్వాసంలో లోపముంది' అని మనం నోటితో అనకపోయినా, మన మౌనం ఆ మాటే అంటుంది.

డంజీ 2009లో విరమించారు, 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు. స్మిత్‌ను 2012 సీజన్ ముగియగానే, 10 ఆటలు గెలిచినా, బేర్స్ తొలగించింది. లోకం ఇద్దరినీ వేర్వేరు తూకాల్లో తూచింది. దేవుని త్రాసు ఒక్కటే. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, వెనుక వరుస దగ్గరకు మనమే నడిచి వెళ్దాం. గెలవనివారి సాక్ష్యాన్నీ విందాం.